అరువు పొదుగు

మా నాన్నకి, అంటే మా అబాకి, కన్నబిడ్డల గొంతుల కన్నా ఒక పుంజు గొంతే ఎక్కువ ఇష్టం. కుళ్లుతో అనడం లేదు, ఊరంతా అనేదే. జావా దీవిలో మా చియాంజుర్‌ వైపు పెలుంగ్ కోళ్లు పెంచేవాళ్లు అందరూ కాస్త అటూ ఇటుగా ఇలాంటివాళ్లే. పెలుంగ్ పుంజు మామూలు కోడిలా కూసి ఊరుకోదు. రాగం తీస్తుంది, తీస్తూ తీస్తూ మెడ వంచి చివరి స్వరాన్ని నేలకి దించుతుంది. మా పుంజు పేరు కాంచన. తాత నాటి నుంచి ఆ సంతతిలో అదే గొంతు.

ఆ గొంతంటే పక్కింటి బీబీ తార్సికి ఒళ్లుమంట. మొగుడు పోయినప్పటి నుంచి మరీను. వెదురు కంచె మీంచి కేకలేసేది.

"సుక్రియన్నా, దాని నోరు మూయిస్తావా లేదా? పండక్కి కొబ్బరిపాలు పోసి వండేస్తా, చూస్తూ ఉండు!"

"ముందు నీ నోరు మూసుకో తార్సీ, దాని సంగతి తర్వాత చూద్దాం!" అనేవాడు అబా.

ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో మా అన్న దాదాన్ ఇంక్యుబేటర్ ఒకటి తయారు చేశాడు. ప్లైవుడ్ పెట్టె, లోపల బల్బులు, అడుగున నీళ్ల పళ్లెం. అబా దాని ముందు కూర్చుని సినిమా చూసినట్టు చూసేవాడు. ఇక పొదుగుకొచ్చిన పెట్టలతో పనేముంది? పొదుగు మీదున్న పెట్ట గుడ్లు పెట్టదు కదా. అందుకని బుట్టలో ముడుచుకుని గుర్రుమన్న పెట్టనల్లా పట్టుకెళ్లి చేపల కుంటలో ముంచేవాడు. కడుపు చల్లబడితే పొదుగు వదిలేసి మళ్లీ గుడ్లకొస్తాయి. అమ్మ బతికుంటే ఒక్కదాన్నయినా వదిలేయించేది. నా మాట ఎవరు విన్నారు గనక!

ఆ వానాకాలం ఊరి మీద కొక్కెర రోగం పడింది. కాంచన మెడ వాల్చేసింది, అంతే. అబా దాన్ని అరటి చెట్ల వెనక పాతిపెట్టి వచ్చి అన్నం ముట్టలేదు. కాంచనవని చెప్పుకోవడానికి పెట్టెలో పెట్టిన గుడ్లే మిగిలాయి. బల్బుకి అడ్డంపెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు, కదిలే చుక్క కనిపించాయి.

"ఒక్క పుంజు చాలు, నేంగ్. ఒక్కటి పుడితే చాలు," అన్నాడు అబా. ముద్దొస్తేనే నన్ను నేంగ్ అంటాడు, లేకపోతే పేరు పెట్టి కసురుతాడు.

గుడ్ల పొదుగు సగమైందో లేదో, పిడుగు పడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఎప్పటికి బాగవుతుందో తెలీదన్నారు. పెట్టె చల్లబడుతోంది. దాదాన్ వేడినీళ్ల సీసాలు పెట్టాడు. నేను గుడ్లని నా సారోంగ్ లుంగీలో చుట్టి పొట్టకి కట్టుకుని, నిండుకుండ మోస్తున్నట్టు మెల్లగా నడిచాను. ఇంట్లో పొదుగు పెట్ట ఒక్కటీ లేదు. అన్నిటికీ స్నానాలు అయిపోయాయి!

రోగం మిగిల్చిన కోళ్లలో పొదుగు మీదున్నది ఒకటే, బీబీ తార్సి ఇంటి చూరు కింద వేలాడే బుట్టలోని నల్ల పెట్ట. ఆ గుమ్మం తొక్కడం కన్నా చావే నయమన్నట్టు మొహం పెట్టాడు అబా. నేను రెక్క పట్టుకుని లాక్కెళ్లాను.

బీబీ మా ఇద్దర్నీ, నా పొట్టనీ చూసింది. "ఎన్నో నెల?" అంది.

"వెటకారాలు తర్వాత, బీబీ. గుడ్లు చల్లారిపోతున్నాయి."

"పద్ధతి తెలుసుగా? పిల్లల్లో సగం నావి. ముందు ఏరుకునేది పెట్ట యజమాని."

"తెలుసులేవమ్మా," అన్నాడు అబా నేల చూస్తూ.

బతికినవి నాలుగే. తల్లి పొడిచి తరిమే వయసు వచ్చాక బీబీ పెరట్లో పంపకం పెట్టుకున్నాం. అప్పటికే అబాకి తెలిసిపోయింది. మూడు పెట్టలు, ఒకటే పుంజు. లావుపాటి కాళ్లు, నిటారు నడక. పైకి మాత్రం ఎటో చూస్తూ బీడీ ముట్టించాడు. బీబీ వంగి, నేరుగా ఆ పుంజుపిల్లనే పట్టుకుంది. తర్వాత ఏదో ఒక పెట్ట. మిగిలిన రెండూ మావి.

ఇంటికొచ్చాక నేను బీబీని నానా మాటలూ అన్నాను. పండగ దగ్గరపడే కొద్దీ అబా కంచె దగ్గరే తచ్చాడేవాడు. పొరుగింటి నుంచి కొబ్బరి కోరిన చప్పుడొస్తే ఉలిక్కిపడేవాడు.

పండగ ముందు ఒక తెల్లవారుజామున అది కూసింది. తొలి కూత, మధ్యలో బొంగురుపోయింది. కానీ చివర్లో మెడ వంచి దించింది చూడండి ఆ స్వరం, కాంచనదే! అబా తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు. తెల్లగా తెల్లవారగానే, "ఆ పెట్టల్ని గంపలో పెట్టు. రెండూ ఇచ్చేసి ఆ ఒక్కదాన్ని అడుగుతాను," అన్నాడు.

బీబీ అరుగు మీద కూర్చుని ఉంది. పుంజు ఆమె కాళ్ల దగ్గర గింజలు ఏరుకుంటోంది. గంప చూడగానే ఆమెకి విషయం అర్థమైంది.

"ఇవ్వను, సుక్రియన్నా. పుంజని తెలిసే పట్టుకున్నా. నేను మాత్రం కోళ్లు పెంచలేదా?"

"కోసుకు తినడానికా?" అన్నాను నేను.

"నోర్ముయ్యి పిల్లా!" అని కసిరి, పుంజు వైపు చూసింది బీబీ. "మీ కాంచన కూస్తేనే మా ఆయన నమాజుకి లేచేవాడు. ఆయన పోయాక కూడా అది కూస్తూనే ఉంది. రోజూ పక్కకి తిరిగి చూసేదాన్ని, లేపుదామని. అందుకే తిట్టాను. తీరా అది కూడా పోయాక... తెల్లవారడమే మానేసిందన్నా నాకు."

అబా పుంజుని ఎత్తి, మెడ నిమిరి, మళ్లీ ఆమె కాళ్ల దగ్గరే దించాడు.

"వడ్లు నానబెట్టి పెట్టు తార్సీ, గొంతు సాఫీ అవుతుంది," అని నా వైపు తిరిగాడు. "ఆ పెట్టల్ని ఇక్కడే వదిలెయ్, నేంగ్. వీడికి తోడుండాలి కదా."