ఊఁ కొట్టే మనిషి

2019 జనవరి ఇరవై నాలుగు. ఆ పొద్దున సుస్మిత తిన్నది రెండు జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం, సదస్సుకొచ్చిన వాళ్ళ కోసం హాస్టల్లో చేసిన ఉప్మా ఒక గరిటెడు. రొట్టెలు ముందురోజు వాళ్ళ అవ్వ రామన్నపేటలో బస్సెక్కించి పంపినవి. గట్టిపడ్డ వాటిని హాస్టల్ మేట్రన్ సైదమ్మ ఎవరూ అడగకుండానే పెనం మీద వేడిచేసి తెచ్చింది.

"కడుపునిండ తిను బిడ్డా. ఖాళీ కడుపుతోటి మైకు ముంగట నిలవడితే కాళ్ళు వణుకుతయి."

"నా కాళ్ళు వణకయి పెద్దమ్మా" అంది సుస్మిత. అది గొప్పకు అన్న మాట కాదు. తోడేలు అరుపు విని కూడా గొర్రెల మంద దగ్గర నిలబడ్డ కాళ్ళవి.

నల్లగొండ బయట గుట్టల నడుమ ఉన్న ఆ యూనివర్సిటీలో విద్యార్థుల సాహిత్య సదస్సు. కల్వకుర్తి నుంచి, ఇంకా అవతలి నుంచి కూడా పిల్లలు వచ్చారు. సుస్మిత అక్కడే ఎం.ఏ. తెలుగు రెండో ఏడు చదువుతోంది. వాళ్ళది గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆమె పత్రం వాళ్ళ అవ్వ చెప్పే కథల మీద. అవి ఎక్కడా అచ్చు కాలేదు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కూడా వాటి మీదే చేయాలని ఆమె పట్టుబట్టింది.

గైడు ప్రవళిక మేడం తేల్చి చెప్పింది. "సదస్సుల పత్రం నిలవడితే టాపిక్ ఒప్పుకుంట. లేకుంటే అందరిలెక్కనే ఒక నవల తీస్కో. ఇగ గీ పేరా తీసెయ్యి. కథ అన్నది చెప్పెటోళ్ళదీ ఊఁ కొట్టెటోళ్ళదీ ఇద్దరిదీ అని రాసినవు. ఆధారమేది? టైము కూడ పది నిమిషాలే."

సుస్మిత ఆ పేరా తీసేసింది. మనసులోంచి మాత్రం పోలేదు.

ఆమె వంతు భోజనానికి ముందు వచ్చింది. అధ్యక్షుడు జాషువా సార్, పెద్దాయన. చేతి దగ్గర చిన్న గంట పెట్టుకుని కూర్చున్నాడు. టైము దాటినవాళ్ళను ఆ గంట మొహమాటం లేకుండా దింపేస్తోంది. సుస్మిత లేవగానే క్లాస్‌మేట్ నరేశ్ వెళ్ళి ఆమె కాగితాలు ఎగరకుండా వేదిక మీది ఫ్యాన్ ఆపి వచ్చాడు. రోజంతా ఏడిపించేవాడే, ఆ పని మాత్రం నిశ్శబ్దంగా చేశాడు.

మొదటి సగం గడగడా నడిచింది. గొంతు ఎక్కడా తడబడలేదు. "ఇప్పుడు మచ్చుకు ఒక కథ" అని కాగితం పక్కన పెట్టింది.

"ఒక గొల్లోళ్ళ ఇల్లు. ఇంట్ల ఏడుగురు కోడండ్లు. ఒకనాడు మందకాడ కావలి చిన్నకోడలుకు వడ్డది. పొద్దుగూకింది. తోడేలు వచ్చింది."

అక్కడ ఆగింది. ఎదురుచూసింది. హాలంతా చేతులు కట్టుకుని మర్యాదగా కూర్చుంది. సుస్మిత నోరు కదల్లేదు.

"మర్చిపోయినవా అమ్మా? కాగితం చూసుకో, ఏం ఫికర్ లేదు" అన్నాడు జాషువా సార్.

"బ్యాటరీ డౌన్!" అని వెనక వరస నుంచి నరేశ్ గొంతు. ముందు వరసలో ప్రవళిక మేడం కళ్ళు మూసుకుంది.

తానెందుకు ఆగిందో సుస్మితకు అప్పుడు అర్థమైంది. చెవులు వేడెక్కాయి. ఆ క్షణాన సర్దిచెప్పడానికి అబద్ధమేదీ తట్టలేదు. అదీ ఒక మేలే అయింది.

"మర్శిపోలేదు సార్. మీరెవ్వరు ఊఁ అంటలేరు. పండుకున్నరేమో అనుకున్న."

హాలు గొల్లున నవ్వింది. సుస్మిత కూడా నవ్వింది. ఆ నవ్వుతో ఆమె గొంతు తిరిగొచ్చింది.

"మా అవ్వ చీకట్ల చెప్తది సార్. మొఖాలు కనవడయి. ఎవరు ఇంటున్నరో ఎవరు పండుకున్నరో ఊఁ తోటే తెలుస్తది. ఊఁ ఆగితే కథ ఆపాలె. ఇనేటోళ్ళు లేకుంట చెప్తే కథను పారవోసినట్టేనంటది. తెల్లారి రాత్రి మళ్ళ ఆడికెల్లే ఎత్తుకుంటది. నాకూ గదే అలవాటైంది."

జాషువా సార్ మైకు దగ్గరికి జరిగాడు. "అయితే తప్పు మాదే. ఊఁ."

వెంటనే హాలంతా ఒక్క గొంతుతో "ఊఁ" అంది.

"అందరు గాదు సార్, ఒక్కలే అనాలె. అందరంటే ఎవరు మేలుకున్నరో ఎట్ల తెలుస్తది?"

"మరెవరనాలె?"

"మీరే అనుండ్రి. మైకు మీ ముంగట్నే ఉంది."

కథ మళ్ళీ నడిచింది. తోడేలు ఒక గొర్రెనిమ్మంది. మందలో పేరులేని గొర్రె ఉంటే తీసుకుపొమ్మంది చిన్నకోడలు. తోడేలు ఒక్కొక్క దాని మెడ పట్టడం, చిన్నకోడలు దాని పేరు చెప్పడం. నల్లబొల్లి, జూలచెవుల్ది, కుంటిమల్లి, వానల వుట్టింది. "ఊఁ" అంటున్నాడు జాషువా సార్, మొదట పద్ధతిగా, తర్వాత ఆత్రంగా. గంట దగ్గరున్న చెయ్యి ఎప్పుడో గడ్డం కిందికి పోయింది.

"తెల్లారవట్టింది. తోడేలు అలిసింది. గప్పుడే ఒక గొర్రె ఈనింది. పిల్ల ఇంక లేశి నిలవడలే, పేరెవ్వరు పెట్టలే. తోడేలు దాని మెడకాడ నోరు వెట్టి, 'చెప్పు, దీని పేరేంది?' అన్నది."

అప్పుడే ఎవరో వచ్చి అన్నం చల్లారిపోతోందని జాషువా సార్ చెవిలో చెప్పారు. ఆయన గడియారం చూసి ఉలిక్కిపడి గంట కొట్టాడు. "ఊఁ కొట్టేదీ నేనే, గంట కొట్టేదీ నేనే. ఇదేం న్యాయం!"

ఒక్క ప్రశ్నకే వీలుంది. పాలమూరు నుంచి వచ్చిన ఒక లెక్చరర్ లేచాడు. "అచ్చు ప్రతి లేదు. దేన్ని పట్టుకుని పరిశోధన చేస్తావమ్మా?"

"ఒక్క కథనే పదిసార్లు చెప్పించుకుంట సార్, రికార్డు చేస్త. ఊఁ కొట్టే మనిషి మారినప్పుడల్లా కథ ఎక్కడ మారుతదో రాస్త."

"ఇందాక నేను గట్టిగ ఊఁ అన్నకాడ తోడేలు ఇంకో రెండు గొర్రెలను పట్టింది. అది నీ కాగితంల ఉందా?" అని జాషువా సార్ అడిగాడు.

సుస్మిత కాగితం తిరగేసి చూసింది. "లేదు సార్. మీరంటుంటే వచ్చింది."

"రాసుకో మరి. అదే నీ ఆధారం."

భోజనాల దగ్గర ప్రవళిక మేడం ప్లేటు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. తన ప్లేటులోని గారె సుస్మిత ప్లేటులో పెట్టింది.

"గా పేరా తీసేసినవా?"

"తీసేసిన మేడం."

"మళ్ళ పెట్టు. ప్రాజెక్టు దాంతోనే మొదలువెట్టు. టాపిక్ రేపు డిపార్ట్‌మెంట్ల రాయిస్త."

సుస్మిత గారె తుంచి నోట్లో పెట్టుకుని తలూపింది.

ఆ రాత్రి కల్వకుర్తి అమ్మాయిలు ముగ్గురు ఆమె గదిలోనే పడుకున్నారు. కథలోని గొర్రెపిల్ల పేరేమిటో చెప్పేదాకా నిద్రపోయేది లేదని పట్టుబట్టారు. ఒకమ్మాయి మొదలు వినలేదంటే సుస్మిత మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. తెల్లవారకముందు లేచి బస్సెక్కి వచ్చిన పిల్లలు. ఊఁ పలచబడింది. తోడేలు పిల్ల మెడ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. సుస్మిత కూడా ఆగింది.

"ఊఁ" అని గుమ్మంలోంచి వినిపించింది. లైట్లు తీసెయ్యడానికి వచ్చిన సైదమ్మ తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

సుస్మిత గొంతు తగ్గించింది. "మందల పేర్లన్ని అయిపోయినయి. చిన్నకోడలు ఇటు జూశింది, అటు జూశింది."

"ఊఁ."

"తనకు తోడుగ ఇంతసేపు మేలుకున్న మనిషి యాదికొచ్చింది. గా మనిషి పేరే పిల్లకు వెట్టింది. 'దీని పేరు సైదమ్మ' అన్నది."

"నా పేరా?"

"అవు పెద్దమ్మా. మా అవ్వ చెప్పుడట్లనే. ఎవరు ఊఁ కొడితే వాళ్ళ పేరే. నా పేరు చానసార్లు వెట్టింది."

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మరి తోడేలు?"

"వచ్చిన తొవ్వనే పోయింది."

"పోనీ, పీడ పోయింది. నువ్వు గూడ పండుకో బిడ్డా" అంది సైదమ్మ. కాలి దగ్గరికి జారిన దుప్పటి తీసి ఒకమ్మాయి మీద కప్పింది. లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.