రిథమ్‌లు లేని కీబోర్డు

కొత్త కీబోర్డు ఏది కొనాలన్న విషయంలో 'రియాక్టర్' అనే రాక్ బ్యాండులో అందరికన్నా ఎక్కువ పట్టుదల, కీబోర్డు వాయించడం బొత్తిగా రాని ప్రవీణ్‌కే ఉండింది. అతను డ్రమ్మరు. పాతదాంట్లో సగం మీటలు మూగబోయాయి. వాయించాల్సిన తనుశ్రీ, మోగితే చాలు ఏదైనా సరే అంటోంది. గిటారు వాయిస్తూ పాడే కళ్యాణ్ మాత్రం ఫోనులో ఒక బొమ్మ చూపించి మురిసిపోతున్నాడు.

"ఇందులో మూడొందల రిథమ్‌లు ఉన్నాయిరా. మీట నొక్కితే చాలు, తాళం అదే వేసుకుంటుంది."

ప్రవీణ్ గుండెల్లో రాయి పడింది.

పడకేం చేస్తుంది? అతను పనిచేసేది బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో. కిందటేడు అక్కడికి వాల్వులన్నీ తనే తిప్పే కంప్యూటర్ ప్యానెల్ వచ్చింది. అది రాకముందు ఒక ఇంజినీరు వచ్చి మొగులయ్య పక్కనే తిరిగాడు. మొగులయ్య, మందులు ఉడికించే పెద్ద ట్యాంకుల్లాంటి ఆ రియాక్టర్ల దగ్గరే తల నెరిసిన ఆపరేటర్. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో, ఏ చప్పుడొస్తే ఆవిరి తగ్గించాలో, ఇన్నేళ్లకు తనను అడిగే మనిషి దొరికాడన్న సంబరంతో పూసగుచ్చినట్టు చెప్పాడు. ప్యానెల్‌కు కొబ్బరికాయ కొట్టింది కూడా ఆయనే. ఇప్పుడాయన గేటు దగ్గర వచ్చే లారీలకు దారి చూపిస్తున్నాడు.

"అడిగినోనికల్లా గట్ల చెప్పుకుంటరా మొగులన్నా?" అని అప్పట్లో ప్రవీణే ఆయన్ని మందలించాడు. తెలివైనవాడినని అతనికి నమ్మకం.

ఫ్యాక్టరీలో అతన్ని పిలిచేది టోకెన్ నంబరుతో. పేరు పెట్టి ఎవరైనా కేకేస్తే ఆ డ్రమ్ముల వెనక కూర్చున్నప్పుడే. ఆ స్టూలు కూడా పోతే తానింకెవరన్న భయం అతన్ని పట్టుకుంది. ఆ మాట పైకి చెప్పుకోలేడు కనుక కళ గురించి మాట్లాడాడు.

"రాక్ అంటే మనిషి కొట్టాలె. మిషిన్ కొడితే పెండ్లి బరాత్ లెక్కుంటది."

సిటీలోని దుకాణంలో రిథమ్‌లున్న ప్రతి కీబోర్డుకూ ఏదో ఒక వంక పెట్టాడు. ఒకటి పిల్లల ఆటబొమ్మలా ఉందన్నాడు, ఇంకొకటి భజనకు పనికొస్తుందన్నాడు. చివరికి ఒక మూలన, బీరువాలా బరువుగా ఉన్న నల్లటిది కనబడింది.

"దీంట్లో రెడీమేడ్ రిథమ్‌లు ఒక్కటి గూడ ఉండవు," అన్నాడు దుకాణదారు మొహమాటంగా. "మీరు రికార్డు చేసి ఇచ్చిందే వాయిస్తది."

"గిదే కావాలె," అన్నాడు ప్రవీణ్. "మనం ఇచ్చిందే వాయిస్తదట. దానికి సొంత తెలివి లేదు."

కళ్యాణ్ సణిగాడు. తనుశ్రీ రెండు చేతులతో వాయించి చూసి, బాగుందంది. దాన్ని తనుశ్రీ ఇంటికి చేర్చి పసుపు, కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ ప్రవీణే కొట్టాడు.

కొన్నాళ్లకు తనుశ్రీ ఒక చిన్న సాయం అడిగింది.

"అన్నా, నువ్వు సాయంత్రాలు బి షిఫ్టుల ఉంటే మా ప్రాక్టీసు ఆగిపోతుంది. ఒక్కో పాటకు నీ డ్రమ్ములు ఈ కీబోర్డుల రికార్డు చేసుకుంట. నీ లెక్క ఇంకెవలు కొడ్తరు చెప్పు?"

ఆ చివరి మాటకు ప్రవీణ్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆదివారమంతా చెమటలు కక్కుతూ కొట్టాడు. నచ్చని పాటను మళ్లీ మళ్లీ కొట్టాడు. ప్రతి పాటకూ ముందు తనే గొంతెత్తి "వన్, టూ, త్రీ, ఫోర్" అన్నాడు.

అమీన్‌పూర్‌లో కొత్త అపార్ట్‌మెంట్లవాళ్ల వార్షికోత్సవం బ్యాండుకు దొరికిన మొదటి పెద్ద వేదిక. ప్రవీణ్ డ్రమ్ములను పొద్దున్నే ఆటోలో పంపేసి డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం అతన్ని విడిపించాల్సిన మనిషి ఎంతకీ రాలేదు. రిలీవర్ రాకుండా రియాక్టర్ వదిలి కదలకూడదు, లోపలికి ఫోను తేనివ్వరు. కంగారు పడాల్సింది పోయి అతనికి లోలోపల హాయిగానే ఉంది. డ్రమ్మరు లేనిదే మొదలుపెట్టలేరు కదా. కళ్యాణ్ గేటు వైపు చూస్తూ గోళ్లు కొరుక్కుంటుంటాడు. కొరుక్కోనీ.

ఎట్టకేలకు రిలీవర్ వచ్చాక, యూనిఫారంతోనే షేర్ ఆటో ఎక్కి అపార్ట్‌మెంట్ల దగ్గర దిగాడు. గేటు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి.

"వన్, టూ, త్రీ, ఫోర్."

గొంతు తనదే. వెంటనే మొదలైన దెబ్బా తనదే. జనం ఈలలు వేస్తున్నారు. వేదిక మీద డ్రమ్ముల వెనక, అతని స్టూలు మీద, కళ్యాణ్ గిటారు సంచి కూర్చుని ఉంది.

పాట అయ్యేదాకా ఆగి వేదిక ఎక్కాడు. తనుశ్రీ మొహం వెలిగిపోయింది.

"మంచి టైముకు వచ్చినవన్నా. నువ్వు లేక పరేషాన్ అయితున్న."

ప్రవీణ్‌కు ప్రాణం లేచొచ్చింది. స్టూలు వైపు నడిచాడు.

"అటు కాదన్నా. ఈ కీబోర్డు బరువుకు స్టాండు ఊగుతుంది. జెర కూసొని పట్టుకో."

"మధ్యలో ఏమీ మార్చొద్దురా, బాగా కుదిరింది," అన్నాడు కళ్యాణ్ మనస్ఫూర్తిగా. "ఆ రికార్డులో కొట్టినంత బాగా నువ్వెప్పుడూ కొట్టలేదు."

కోపం వచ్చింది. దాని కంటే ముందే సిగ్గు వచ్చింది, మొగులయ్య మొహం ఎదురుగా నిలిచింది. అయినా జనం చూస్తున్నారు, స్టాండు నిజంగానే ఊగుతోంది. ప్రవీణ్ చతికిలబడి దాన్ని పట్టుకున్నాడు. మళ్లీ తన గొంతే లెక్కపెట్టింది.

ముందు వరసలోని పెద్దమనిషి ఒకాయన మెడ చాచి అతన్ని అడిగాడు.

"డ్రమ్ములు గట్టిగ కొడుతున్నడు గదా. ఎవరాయన, కనబడడేంది?"

"ప్రవీణ్ అని సార్," అన్నాడు ప్రవీణ్, స్టాండును ఇంకాస్త గట్టిగా పట్టుకుంటూ. "డ్యూటీల ఉన్నడు."