వానకు పట్టే టైర్లు

జెద్దా షరఫియా పేటలో పీర్ సాహెబ్ టైర్ల కొట్టు మధ్యాహ్నం నమాజు అయ్యాక తెరుచుకుంటుంది. ఆయనది నిర్మల్. షట్టర్ పైకి లేపి, గాలి మిషన్ ఆన్ చేసి, వెనక వాకిట్లోకి వెళ్లి మబ్బును పలకరిస్తాడు. మేకపిల్లంత మబ్బు అది. ఏసీ పైపు కింద పెట్టిన బకెట్టు మీద వాలి, కారే చుక్కలు తాగుతూ ఉంటుంది. టైర్లు కొనడానికి వచ్చినవాళ్లు తడిలో పట్టు ఎలా ఉంటుందో చూడాలంటే, వాకిట్లో పరిచిన నున్నటి బండల మీద కాసేపు కురుస్తుంది. జెద్దాలో వాన పడడమే అరుదు గనక ఈ ఏర్పాటు అందరికీ వీలుగా ఉంది. ఒకసారి పోలీసులు కూడా తమ బళ్లు తెచ్చి చూసుకుని వెళ్లారు.

లింబాద్రిది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఒక మందుల షాపులో పని. బైకు మీద ఇల్లిల్లూ తిరిగి మందులు ఇచ్చి వస్తాడు. కిందటి చలికాలం వానలో వెనక టైరు జారి, బండితో పాటు రోడ్డంతా దొర్లాడు. విరిగిన కాలు అతుక్కుంది కానీ భయం పోలేదు. ఆకాశం మసకబడితే చాలు, ఏదో ఒక వంతెన కిందికి చేరి వాన వెలిసేదాకా నిలబడిపోతాడు. అలా నిలబడిన ఒక రోజే ఒక ముసలామెకు ఇన్సులిన్ వేళకు అందక ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇంకొకసారి ఆగితే వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతానని సూపర్‌వైజర్ అన్నాడు. ఆ మాట కన్నా ముసలామె కొడుకు తిట్టకుండా, "పోనీలే భాయ్" అనడమే లింబాద్రిని ఎక్కువ బాధపెట్టింది.

చలికాలం మళ్లీ దగ్గరపడింది. బండి తీసుకుని పీర్ సాహెబ్ దగ్గరికి వచ్చాడు.

"వానకు పట్టే టైర్లు గావాలె సాబ్."

పీర్ సాహెబ్ రెండు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకదాన్ని గోటితో నొక్కి చూపించాడు. "ఇది గట్టి రబ్బరు. ఈ ఎండలకు ఆగుతది, చానా దినాలొస్తది. గని తడి మీద సబ్బు లెక్క జారుతది. ఇగో, ఇది మెత్తది. గీతలు ఎంత లోతున్నయో చూడు. నీళ్లు ఆ సందులకెల్లి పక్కకు వోతయి, రబ్బరు రోడ్డును పట్టుకుంటది. జల్ది అరుగుతది, దానికి ఒప్పుకోవాలె."

"అరిగితే అరగనియ్యి. ముందటిది బాగనే ఉంది గద, వెనకది ఒక్కటే ఏస్తవా?"

"వద్దు బేటా, రెండూ మార్చు. ఒకటి పట్టి ఒకటి జారితే ఏం ఫాయిదా?" టైరు పక్కన అచ్చేసిన అంకెలు చూసి, ఈమధ్యే తయారైందని తేల్చుకున్నాకే ఆయన బిగించాడు. ఈ దేశంలో టైరు గోదాంలో ఉండి కూడా ముసలిదైపోతుందట.

బండిని వాకిట్లోకి దింపారు. మబ్బు బకెట్టు దగ్గర నుంచి లేచి లింబాద్రి తల మీదికి వచ్చి నిలబడింది. నల్లబడింది కానీ కురవలేదు.

"నువ్వు బిగవట్టుకుంటే అది గూడ బిగవట్టుకుంటది," అన్నాడు పీర్ సాహెబ్. "రేపు రా."

మర్నాడూ అంతే. ఆ మరుసటి సాయంత్రం లింబాద్రి బండి ఎక్కకుండా బకెట్టు పక్కన కూచున్నాడు. పసుపు చేనులో వాన పడితే లేచే వాసన గురించి మబ్బుకు చెప్పాడు. పెళ్లయిన కొత్తలో తనూ ఉమారాణీ ఒకే ప్లాస్టిక్ కవరు కప్పుకుని చేను నుంచి ఇంటికి నడిచిన సంగతి చెప్పాడు. తర్వాత, బండి జారిన రోజు వెనక నుంచి లారీ వస్తున్న చప్పుడు విని కళ్లు మూసుకున్నానని చెప్పాడు. అది ఉమారాణికి కూడా చెప్పలేదు. మబ్బు వచ్చి అతని భుజానికి ఆనుకుంది. చొక్కా తడిసింది. అప్పుడు మెల్లగా కురవసాగింది.

ఆ వానలోనే లింబాద్రి బండి ఎక్కి బండల మీద తిరిగాడు, బ్రేకు వేశాడు. బల్లి గోడను పట్టుకున్నట్టు టైరు బండను పట్టుకుంది.

అసలు వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. దుకాణాల దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. బండి మీద పెట్టెలో ఇన్సులిన్ ఉంది. లింబాద్రి వేగం తగ్గించాడు. వంతెన ఒకటి వచ్చింది, దాటిపోయింది. కింద టైర్లు తడిని చీల్చుకుంటూ మెత్తగా పాడుతున్నాయి. అలాగే పోతూ ఉన్నాడు.

రోడ్డు ఒక అండర్‌పాస్‌లోకి దిగే చోట, నేలకు జానెడు ఎత్తున పీర్ సాహెబ్ మబ్బు అడ్డంగా నిలబడి ఉంది. లింబాద్రి బ్రేకు వేశాడు. బండి ఉన్నచోటే ఆగింది. కింద నీళ్లు చూడడానికి పల్చగా, అద్దంలా మెరుస్తున్నాయి. లోతు ఎంతో తెలియడం లేదు. మబ్బు కదలలేదు. అతను దిగి బండిని రోడ్డుకు అడ్డంగా పెట్టాడు.

వెనక ఆస్పత్రి బస్సు ఆగింది. అందులో డ్యూటీకి వెళ్లే నర్సులున్నారు. ముందు సీట్లో ఉన్న భీమవరం ప్రేమజ్యోతి, అద్దం దించి, లింబాద్రి తనలో తాను తెలుగులో గొణుక్కోవడం వింది.

"ఏంటండీ, దారికి అడ్డంగా పెట్టేశారు? మాకు లేటయిపోద్దండి."

"కిందికి వోవద్దు మేడం. మబ్బు పోనిస్తలేదు."

ప్రేమజ్యోతి తల బయటపెట్టి మబ్బును చూసింది. "అయితే ఆగుదాం భయ్యా," అని డ్రైవర్‌కు హిందీలో చెప్పింది.

కొంతసేపటికి కొండల వైపు నుంచి బురదనీళ్లు వచ్చాయి. పెద్ద చప్పుడేమీ లేదు. అండర్‌పాస్ గోడల మీది దీపాలు ఒక్కొక్కటే మునిగాయి. చివరకు కప్పు కూడా కనపడలేదు. బస్సులో ఎవరో మెల్లగా ప్రార్థన మొదలుపెట్టారు. లింబాద్రి తిరిగి చూసేసరికి మబ్బు తనకున్నదంతా కురిసేసి పల్చబడింది. కాసేపటికి ఏది మబ్బో, ఏది వానో తెలియలేదు.

బస్సు వెనక్కి తిరుగుతుంటే ప్రేమజ్యోతి అడిగింది. "మీరెటెళ్లాలండీ?"

"ఇన్సులిన్ ఇయ్యాలె మేడం. చుట్టు తిరిగి పోత."

"నెమ్మదిగా వెళ్లండి. మందు అందగానే ఫ్రిజ్‌లో పెట్టుకోమనండి."

లింబాద్రి మందు ఇచ్చి ఆ ఇంటి మెట్లు దిగుతుండగా ఊరి నుంచి ఉమారాణి ఫోన్ చేసింది.

"జెద్దాల వాన దంచుతుందట గదా. ఏ వంతెన కింద ఉన్నవు?"

"వంతెన కింద లేను. వానల్నే ఉన్న."



"మరి చలి పెడ్తలేదా?" అంది.

"పెడ్తుంది," అన్నాడు లింబాద్రి.