గేటు దాటాక

మోటారుసైకిల్ మీద వెళ్లేటప్పుడే చెప్పేయాలని గణపతిరావు నిశ్చయించుకున్నాడు. ఇంట్లో అయితే భవాని మొహం చూడాలి. ఆ మొహం చూస్తూ ఆ మాట అనే ధైర్యం అతనికి లేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో క్రేను నడిపే మనిషి, పదిమందిలో గొంతెత్తి మాట్లాడేవాడు, పెళ్లాం దగ్గరకొచ్చేసరికి నోరు పెగిలేది కాదు.

భవాని అతని మేనమామ కూతురే. పెళ్లై పన్నెండేళ్లయినా కడుపు నిలవలేదు. దాంతన్‌లో ఉన్న అతని అక్క నూకాలమ్మకి ఆ వేసవిలో నాలుగో ఆడపిల్ల పుట్టింది. "దీన్ని మీరు పెంచుకోండిరా" అని అక్క అడగడమూ, ఇతను అక్కడికక్కడే సరేననడమూ అయిపోయాయి. భవానికి మాత్రం "పిల్లని చూసొద్దాం" అనే చెప్పాడు. చూడ్డానికి కాదు, తెచ్చుకోడానికే వెళ్తున్నామని ఆమెకి తెలియదు.

ఖరిదాలో ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు చినుకులే. నారాయణ్‌గఢ్ దాటేసరికి వాన కుండపోతయింది. అతను వర్క్‌షాపు రెయిన్‌కోటు తొడుక్కున్నాడు. జారిపోయే ఆ కోటు పట్టు దొరక్క భవాని వెనక కారియర్ కమ్మీ పట్టుకుని పక్కవాటుగా కూర్చుంది. ఇద్దరి మధ్యా అక్కకి తీసుకెళ్తున్న చీరల మూట.

దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి నత్తలా సాగుతోంది. ఇంజన్ ఆగితే తడికి మళ్లీ అందుకోదేమోనని అతను రేస్ చేస్తూనే ఉన్నాడు. మనసులో మాటలు కూడబలుక్కుంటున్నాడు. గేటు లేచింది. వెనక లారీవాడు హారన్ మోగించాడు. మోటారుసైకిల్ ముందుకురికింది.

"భవానీ, నీకో మాట సెప్పాల" అని మొదలుపెట్టాడు, వానని మించి అరుస్తూ. "అక్క పిల్లని మనకి ఇచ్చెత్తానంది. నాను ఊఁ అనీసినాను."

జవాబు లేదు.

"నిన్ను అడక్కండా అన్నాను, తప్పే. కాదన్ను. నువ్వు గుమ్మంలో కూసుని పక్కింటి పిల్లల్ని సూత్తంటే నాకు అన్నం దిగదే."

జవాబు లేదు. ఏడుస్తోందేమో అనుకున్నాడు. పొలాలన్నీ నీళ్ల కింద ఒకటైపోయాయి. బతిమాలాడు, సర్దిచెప్పాడు, కాస్త కోప్పడ్డాడు కూడా. బెల్దా బజారు దగ్గర ఇక ఉండబట్టలేక, "ఏటే, ఒక్క మాటైనా అనవేటి?" అంటూ చెయ్యి వెనక్కి చాపాడు.

మూట తగిలింది. దాని వెనక తడి సీటు తగిలింది.

బ్రేకు తొక్కిన తొక్కుకి బండి జారి రోడ్డుకడ్డంగా నిలబడింది. వెనక్కి చూశాడు. మనిషి లేదు. రోడ్డంతా వానే. అతని చెవుల్లో వాన చప్పుడు కూడా ఆగిపోయినట్టయింది. పడిపోయిందా? ఎక్కడ? తన మాట విని, మనసు విరిగి దూకేసిందా?

బండి తిప్పాడు. ప్రతి గతుకు దగ్గరా ఆగి, ప్రతి కల్వర్టు కిందకీ వంగి, "భవానీ!" అని కేకేశాడు. ఒకచోట కాలువ గట్టున జనం మూగి ఉన్నారు. నీళ్లలోంచి ఎర్రటి గుడ్డ ఏదో లాగుతున్నారు. భవాని కట్టుకున్నదీ ఎర్రచీరే. బండి అక్కడే పడేసి పరిగెత్తాడు. దుకాణం మీంచి ఎగిరి పడిన పరదా అది. ఒకాయన "కీ హోలో దాదా?" అని, ఏమైందని అడుగుతున్నా ఆగకుండా బండి లేపుకుని కదిలాడు.

గేటు దగ్గరకొచ్చేసరికి గేట్‌మన్ గొడుగు ఊపుతూ ఎదురొచ్చాడు. "ఇధర్, ఇధర్!"

గేటు పక్క గేట్‌మన్ ఉండే గుమిటీలో పొయ్యి దగ్గర భవాని తల తుడుచుకుంటోంది. ఒంటి మీద చిన్న గీతైనా లేదు.

గణపతిరావు గుమ్మంలోనే కూలబడ్డాడు.

"కుచ్చిళ్లు పిండుకుందామని దిగినాను" అంది. "గేటు తీసీసరికి నువ్వు ఎల్లిపోనావు. ఎంత అరిసినానో! ఎందాకా ఎల్లినావు?"

"బెల్దా."

ఆమె చేతిలో తువ్వాలు ఆగిపోయింది. "బెల్దా దాకానా? నాను నేకుండా? నీకు తెలీనేదా, బావా?"

వానలో ఖాళీ సీటుకి చెప్పిందంతా ఇప్పుడు ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాడు. ఈసారి బతిమాలలేదు, సర్దిచెప్పలేదు. ఆమె పొయ్యిలోకే చూస్తూ అంతా వింది.

"మీ అక్కకి మాట ఇచ్చీసినాక నాకు సెప్తన్నావు" అంది చివరికి. "ఎనకాల మనిసున్నాదో నేదో కూడా సూసుకోకండా. ఇంటికి తిప్పు. ఈ కోపంతో ఆ పిల్లని ఎత్తుకోను."

మూట ముందుకి మార్చి టాంకు మీద కట్టాడు. తిరుగుదారి పొడుగునా, "ఉన్నావేటే?" అని అడుగుతూనే ఉన్నాడు. "ఉన్నాను, దారి సూడు" అని ఆమె విసుక్కుంటూనే ఉంది. అంతకుమించి ఆ రోజూ, ఆ పై చాలా రోజులూ మాటల్లేవు.

సెప్టెంబరులో వర్క్‌షాపు విశ్వకర్మ పూజ వెళ్లాక ఒకనాడు భవాని ఒక్కతే పాసింజరెక్కి దాంతన్ వెళ్లింది. అతన్ని రావద్దంది. సాయంత్రం ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద దిగినప్పుడు ఆమె భుజాన పాప నిద్రపోతోంది. అక్కడే కాచుకుని ఉన్న గణపతిరావు ఎదురెళ్లాడు.

"నువ్వు మాటిచ్చినావని కాదు" అంది భవాని. "నా అంతట నాను అడిగి తెచ్చుకున్నాను. పట్టుకో, సెయ్యి లాగేత్తంది."