జాజు బొట్టు

కళ్లు మూసుకుంటే వడ్ల రాజం చెక్కల కార్ఖానా కోమలకు అడవిగా మారిపోయేది. టేకు పొట్టుది పాత తోలు వాసన, కాస్త నూనె తగిలినట్టు. వేప పొట్టు గాలిలో లేచిందంటే నాలుక మీద చేదు వచ్చి కూర్చుంటుంది. ఏగిస ముక్క వేసిన గిన్నెలో నీళ్లు తేనెరంగుకు తిరిగి, ఎండ తగలగానే అంచుల్లో నీలంగా మెరుస్తాయి. నల్లమద్దికి వాసన తక్కువ, బరువెక్కువ. ఉలిని మొండి చేసి పంపిస్తుంది. పెళ్లై మంథని వచ్చిన నాలుగేళ్లలో ఇన్ని చెట్లతో పరిచయమైంది గానీ, అన్నీ పడుకుని ఉన్నప్పుడే అయిన పరిచయం.

ఆమె భర్త కరుణాకర్ పెద్దపల్లిలో ఫైబర్ తలుపులు బిగించే పనికి పోతాడు. చెక్కపని మామ రాజంతోనే మిగిలింది. రెండేళ్లుగా రాజం కళ్లను శుక్లం పొర కమ్ముతోంది. ఆపరేషన్ మాట ఎత్తితే "గీ ఒక్క పని కానీ బిడ్డా" అంటాడు. తడుముకుంటూ పని చేస్తాడు, చూడవలసినవి మాత్రం కోమల చూస్తుంది. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివిన కోడలు వంటయ్యాక వచ్చి చెక్కల మధ్య కూర్చోవడం వాడకట్టుకు మొదట నవ్వులాట, తర్వాత అలవాటు.

చూడవలసిన వాటిలో మొదటిది జాజు బొట్టు. దర్వాజకు, అంటే ద్వారబంధానికి, నిలబెట్టే చెక్క చెట్టుగా ఉన్నప్పుడు ఎలా నిలబడిందో అలాగే నిలబడాలి. మొదలు కిందికి, కొన పైకి. కోత మిషన్ నుంచి చెక్క రాగానే మొదలు వైపు జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, రాజం కళ్లకు ఆనేంత పెద్ద బొట్టు పెట్టాలి. చిత్రిక ఏ దిక్కుకు నడపాలో, ఏ కొస గడపలో దిగాలో ఆ తర్వాత ఆ బొట్టే చెబుతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది పోశవ్వ ఇంటి దర్వాజ. పోశవ్వ భర్త బతికి ఉన్నప్పుడు పొలం గట్టు మీద రెండు టేకు మొక్కలు నాటాడు. ఇల్లు కడితే వాటిలో ఒకటి దర్వాజ కావాలన్నది ఆయన మాట. నిరుడు ఆకు రాలే కాలంలో, పర్మిషన్ కాగితం చేతికొచ్చాక, ఒక చెట్టును నేలకు జానెడు ఎత్తున ఏటవాలుగా కోయించాడు రాజం, మొండి మీద వాననీళ్లు నిలవకుండా. చెట్టు చావదని, పిలకలొస్తాయని పోశవ్వకు మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. చెక్కలు వానాకాలమంతా నీడలో, మధ్యన బద్దలు పెట్టుకుని, మెల్లగా ఆరాయి. సోమవారం పొద్దున దర్వాజ నిలబెట్టే ముహూర్తం.

శుక్రవారం మధ్యాహ్నం, చిత్రిక పని అయిపోయిన రెండు నిలువు చెక్కలనూ గోడకు ఆనించి, కోమల అవిసె నూనె గుడ్డతో తుడుస్తోంది. నూనె తాగగానే చెక్కలో దాగిన రేఖలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఎడమ చెక్కలో ఒకదానిపై ఒకటి గుట్టలు, కొసదేలి, ఆకాశం వైపు పోతున్న గుట్టలు. చేవ బంగారు రంగులో మెరిసింది. ఆమె కుడి చెక్కకు గుడ్డ రాసింది. అక్కడా గుట్టలే. చల్లటి పొద్దున గోదావరి కదలకుండా ఉన్నప్పుడు అవతలి గట్టూ దాని నీడా ఒకేసారి కనిపించినట్టుంది. ఎంత బాగుందో అనుకుంది. ఆ అందంలో కాసేపు అలాగే నిలబడింది.

నీడ. నీడలో గుట్టలు కిందికి చూస్తాయి.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. చెట్టు ఏటా పాత అంగీ మీదనే కొత్త అంగీ తొడుక్కుంటుందని, ఆ అంగీలన్నీ పైకి సన్నబడతాయని, అందుకే చెక్కలో గుట్ట కొస ఎప్పుడూ చెట్టు కొన వైపే చూపుతుందని ఆమెకు నేర్పింది రాజమే. కుడి చెక్క అడుగున జాజు బొట్టు ఎర్రగా, నమ్మకంగా ఉంది. అది ఆమె పెట్టిన బొట్టే.

ఆ రోజు గుర్తొచ్చింది. కోత మిషన్ నుంచి చెక్కల ట్రాక్టర్ వచ్చేసరికి చినుకులు. తడిసిన టేకు వాసన వాకిలంతా కమ్మి, ఆమెను ఎటో తీసుకుపోయింది. మొదటి చెక్కను తిప్పి, ముడులు చూసి, రేఖలు చూసి బొట్టు పెట్టింది. రెండోది పక్కనే పడుకుని ఉంది. ఒకే బండిలో వచ్చినవి ఒకే దిక్కుకు తల పెట్టుకుని ఉంటాయనుకుంది. చూడకుండానే వేలు ముంచి బొట్టు పెట్టింది.

చిత్రిక పొరల కుప్ప మీద కూర్చుంది. పొరలు వెచ్చగా ఉన్నాయి. రెప్పలెప్పుడు వాలాయో తెలియదు. పొలం గట్టు మీద టేకు చెట్టు వేళ్లు ఆకాశంలో పరుచుకుని నిలబడి ఉంది. కొంగలు వచ్చి వేళ్ల మీద వాలబోయి, కాళ్లకు మట్టి అంటుకుని లేచిపోతున్నాయి. వెడల్పాటి ఆకులన్నీ భూమి లోపల గలగలమంటున్నాయి. దాని కింద నుంచి పోశవ్వ నడుస్తోంది, తల వంచుకుని.

"ఇగ నాతోని కాదు పోశక్కా. ఇదే ఆఖరు దర్వాజ."

మామ గొంతు విని కళ్లు తెరిచింది. బయట వేపచెట్టు కింద రాజం, పని చూద్దామని వచ్చిన పోశవ్వ మాట్లాడుకుంటున్నారు.

"ఏమైంది రాజన్నా? కండ్లు బాగైతే మల్ల చేస్తవ్ గదా?"

"కండ్లు గాదు, చేతులు. ఎడమ చెక్క మీద చిత్రిక ఎన్నపూస మీద నడిచినట్టు నడిచింది. కుడి చెక్క మీద పట్టంగనే ముక్కలు లేసె. చిత్రిక ఉలి నూరి నూరి నాలుగు రోజులు కొట్లాడిన. యాబై ఏండ్ల సంది గట్ల కాలే. చేతులకు ముసలితనం వచ్చింది."

"చేతులకే వచ్చిందా, నోటికి రాలేదా ఇంకా!" అని పోశవ్వ నవ్వింది. రాజం నవ్వలేదు. "ఉలులు, బాడిసెలు ఎవలకన్న ఇచ్చేస్తా" అన్నాడు.

కోమల పొరల్లోంచి లేచింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పోశవ్వకు రేఖలు తెలియవు, మామకు కనపడవు. చెబితే మళ్లీ ఆమె బొట్టును ఎవరు నమ్ముతారు? ఆ చిన్న పని తప్ప కార్ఖానాలో ఆమెది అని చెప్పుకునేది ఏమీ లేదు. కానీ చెప్పకపోతే, యాభై ఏళ్లు తప్పు చేయని చేతులు తాము తప్పు చేశామనుకుంటూ ఒళ్లో పడుకుంటాయి.

బయటికి వచ్చేసరికి జడకు పొట్టు అంటుకుని ఉంది.

"మామా, చేతులకు ఏం కాలే. చెక్కనే తలకిందులుంది. బొట్టు నేను ఉల్టా పెట్టిన."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. రాజం లోపలికి వచ్చి, కుడి చెక్కను చేత్తో వెతికాడు. అరచేయి కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి. చెంప ఆనించాడు. 

"నా చెయ్యి కాదన్నది" అన్నాడు చివరికి. "నీ బొట్టు అవునన్నది. నేను బొట్టునే నమ్మిన."

"చూడకుంట పెట్టిన మామా. వానపడ్తుండె..."

"వాన మీద పెట్టకు!" గొంతు ఒక్కసారి గట్టిపడింది. "చెట్టు నలబై ఏండ్లు నిలబడ్డది. నువ్వు నాలుగు నిమిషాలు నిలబడి చూడలేకపోయినవా?"

ఆమె తల దించుకుంది. పోశవ్వ మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఓ సదువుకున్న పిల్లా, ఇంతకు నా దర్వాజ సంగతేంది? అది చెప్పుర్రి ముందుగాల."

రాజం చెక్క పక్కన కూర్చున్నాడు. చెక్కను తిప్పితే, తలుపు ఒదగడానికి ఇప్పటికే తీసిన గాడి లోపలి నుంచి వీధి వైపుకు వస్తుంది. ఆ గాడిని పొడుగునా పట్టీతో పూడ్చి, లోపలి వైపు కొత్త గాడి తీయాలి. అతుకు వీధిలో పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. "అతుకు దర్వాజ నా కార్ఖానా నుంచి ఎన్నడు పోలే. ఇంకో తొవ్వ ఉన్నది. ఆ రెండో చెట్టు..."

"ముట్టవద్దు!" అంది పోశవ్వ. "ఒక్క బొట్టు తప్పు పోయిందని నిలబడ్డ చెట్టును పండవెడ్తవా? నేను కప్పుకునే బొంతకు ఎన్ని అతుకులున్నయో నీకేం ఎరుక!"

"పట్టీకైనా ఏడడుగుల చెక్క కావాలె గదా అక్కా. మిగిలినయన్ని తెల్లచెక్కనే. చేవ లేదు, చెద పడ్తది."

కోమల మెల్లగా తలెత్తింది. పోశవ్వ ఇంటి దొడ్డిలో చక్రాలూడి పడి ఉన్న ఎడ్లబండి కళ్ల ముందు మెదిలింది. పోయిన బతుకమ్మ నాడు దాని పొడవాటి నొగ మీద కూర్చుని, వేలితో రాసి చూసింది. నల్లమద్ది. "మీ బండి నొగ ఉన్నది గదా పెద్దమ్మా. ఎన్నో ఎండలు, వానలు చూసింది. ఇగ అది ఒంగదు, పగలదు."

రాజం కనుబొమ్మలు ముడిపడ్డాయి. "టేకు పక్కన మద్దా? దర్వాజంతా ఒక్క చెట్టుదే ఉండాలె."

"మా ముసలాయన టేకు తీరు, ఎట్ల చెక్కితే అట్ల ఇంటుండె" అంది పోశవ్వ. "నేను మద్ది తీరు. నన్ను చెక్కబోయిన ఉలే మొండైతుండె. నలబై ఏండ్లు ఒక్క దర్వాజల లేమా మేమిద్దరం?"

ఇప్పుడు రాజం నవ్వాడు. చాలా రోజుల తర్వాత పళ్లు కనబడేలా నవ్వాడు. "పోయి నొగ పట్కరాపో, కోమలా" అన్నాడు.

ఆ మూడు రోజులూ కార్ఖానాలో కల నడిచినట్టు నడిచాయి. తిప్పిన చెక్క మీద చిత్రిక పెట్టగానే పొర పొడుగ్గా, తెగకుండా, అద్దంలాగా మెరుస్తూ, చుట్టుకుంటూ లేచింది. రాజం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "నడుస్తున్నది" అన్నాడు, ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు. మద్ది ఉలిని రెండుసార్లు మొండి చేసింది. వెదురు సీలలు దిగేటప్పుడు చెక్క కొంచెం మూలిగి, తర్వాత ఊరుకుంది.

సోమవారం పొద్దున పసుపు, కుంకుమ, మామిడాకులతో దర్వాజ నిలబడింది. పొగమంచులో రెండు వైపులా గుట్టలు పైకి పోతున్నాయి. కుడి పక్కన సన్నటి నల్లని బాట ఒకటి వాటి వెంట నడిచింది. చూడవచ్చిన వాళ్లలో ఒకరు "అది కొత్త డిజైనా?" అని అడిగారు. "అతుకు" అన్నాడు రాజం, దాచకుండా. పోశవ్వ నల్లని బాట మీద ఒకసారి చెయ్యి వేసి, లోపలికి నడిచింది, తల ఎత్తుకుని.

తిరిగి వచ్చేటప్పుడు రాజం ఇంటికి పోకుండా పొలం గట్టు ఎక్కాడు. చెట్టు కోసిన మొండి చుట్టూ తొమ్మిది పిలకలు నడుమెత్తు పెరిగి ఉన్నాయి. రెండో చెట్టు ఆకు రాల్చేసినా, వీటి మీద ఇంకా లేత ఆకులున్నాయి. అన్నీ ఉంచితే ఏదీ చెట్టు కాదు. రెండు ఉంచి మిగతావి తీసేయాలి.

"ఏ రెండు మామా?" అంది కోమల.

రాజం పొర కమ్మిన కళ్లతో ఎండ వైపు తిరిగి, గట్టు మీద కూర్చున్నాడు. "నాకు కనవడ్తదా ఏంది? నువ్వే చూడు. తొందర లేదు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి పిలక మొదలు నుంచి కొన దాకా చూసింది. రెండోదాని చుట్టూ తిరిగి, అవతలి వైపు నుంచి కూడా చూసింది. మూడోది, నాలుగోది. మంచు విడిపోయింది, నీడలు కురచయ్యాయి, పొలంలో కొంగలు వాలి లేచిపోయాయి. రాజం కునుకు తీస్తున్నాడు, చేతులు ఒళ్లో చాపుకుని. తొమ్మిదోదాని లేత ఆకును వేళ్ల మధ్య నలిపి చూసింది. వేలికి ఎర్రగా అంటింది, జాజులాగే.

ఆమె మళ్లీ మొదటి పిలక దగ్గరికి వెళ్లింది.