ఎర్రగుర్తు పడ్డ మనిషి

నర్సంపేట దగ్గరి ఆ పల్లెలో మొగిలమ్మ అంత వేగంగా పత్తి ఏరే మనిషి లేదు. అలాంటిది, ఏరుడు మొదలై పది రోజులైనా మేస్త్రి రామలింగం ఆమెను పనికి పిలవలేదు. పదకొండో రోజు పొద్దున్నే ఆమె అతని వాకిట్లో నిలబడింది.

"ఏం తమ్మీ, నేను యాదికి లేనా?"

అతను ఫోన్ తీసి చూపించాడు. కూలీల పేర్ల పక్కన పచ్చ గుర్తులు, ఎర్ర గుర్తులు. ఆమెకు ఎరుపు.

"ఎండకాలం బడికాడ క్యాంపు పెట్టి రక్తం గుంజిన టెస్టుల కంపెనోళ్లు ఈ లిస్టు పంపిన్రు అక్కా. నీ గుండె కమ్జోర్ ఉన్నదట. చేన్ల పడిపోతే నా మీదికొస్తది."

గుండె సంగతి ఆమెకే తెలియదు. ఆ శిబిరం వాళ్లు ఒక్క కాగితమూ ఇవ్వలేదు. ఆమె అప్పుడే బస్సెక్కి మడికొండలోని ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లింది.

అక్కడ స్రవంతి అనే అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "మీరే ఒప్పుకున్నరమ్మా. మీ వేలిముద్ర ఉంది" అంది.

"రక్తం, బీపీ చూస్తమంటే ఏశిన బిడ్డా. మేస్త్రికి చెప్తమంటే ఏశిన్నా? నాకు చెప్పకుంట వానికెట్ల చెప్తరు?"

ఎర్రగుర్తు తీసెయ్యడం తన చేతిలో లేదని, అర్జీ పెడితే పైవాళ్లు చూస్తారని స్రవంతి చెప్పింది.

"రాయి. నా రిపోర్టు నాకియ్యాలె. ఇంకెవ్వలకూ ఇయ్యద్దు."

రాసింది రెండుసార్లు చదివించుకుని అప్పుడు వేలిముద్ర వేసింది. రిపోర్టు చేతికొచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ కాగితం పట్టుకుని సర్కారు దవాఖానకు పోయింది. గుండె బలహీనంగా ఉన్నమాట నిజమేనని డాక్టరు గోలీలు రాశాడు. ఎండ ముదరకముందే పని ఆపమన్నాడు.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి ఆటోలో కూర్చుంది.

"దిగక్కా. నువ్వు లిస్టుల లేవు," అన్నాడు రామలింగం.

"నేను దిగ. ఎంతసేపు చెయ్యాల్నో డాక్టరు చెప్పిండు. నా గుండె నీ ఫోన్ల ఎందుకున్నది?"

పక్కనున్న యాకమ్మ లేచింది. "ఆమెను దించితే నేనూ దిగుత. రేపు నాకూ ఎరుపు పెడ్తరు."

ఇంకో ముగ్గురు దిగడానికి సంచులు చంకన పెట్టుకున్నారు. రామలింగం వాళ్లను చూశాడు, చేలో పత్తిని తడిపేలా మబ్బు పట్టిన ఆకాశాన్ని చూశాడు. ఫోన్ జేబులో పెట్టి, బండి తియ్యమన్నాడు.

కంపెనీ వాళ్లు రెండోసారి శిబిరం పెట్టినప్పుడు, రిపోర్టుల సంగతి ఎవరెవరికి చెప్తారని ఆడవాళ్లు అడిగారు. సరైన జవాబు రాకపోయేసరికి రక్తం ఇవ్వడానికి ఒక్కరూ చెయ్యి చాపలేదు. రిపోర్టు ఇంకెవరికీ ఇవ్వద్దన్న మొగిలమ్మ అర్జీకీ ఇంకా జవాబు రాలేదు. సోమవారం ఆమె యాకమ్మను వెంటబెట్టుకుని మళ్లీ మడికొండ బస్సెక్కింది.