ఎర్ర చీటీ పడిన పాట

ఫ్యాక్టరీలో ఆవిడని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. చెవులమ్మ అనేవారు. మొదట్లో చాటుమాటుగా అన్నారు, తరవాత మొహం మీదే అన్నారు, చివరికి మేనేజరు కూడా మైకులో "చెవులమ్మగారూ, ఒకసారి ఇటు రండి" అనడం మొదలుపెట్టాడు. ఆవిడేమీ అనుకోలేదు. మిగతావాళ్ళ పేర్లు కన్నవాళ్ళు పెట్టినవి, తనది తను సంపాదించుకున్నది.

అక్కడ గ్రామఫోను రికార్డులు తయారయ్యేవి. వేడివేడి నల్లటి ముద్దని రెండు అచ్చుల మధ్య పెట్టి ప్రెస్సు నొక్కితే రికార్డు బయటికొచ్చేది. ప్రతి విడతలోంచీ కొన్ని ఏరి, అద్దాల గదిలో ఆవిడ బల్ల మీద పెట్టేవారు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినడమే ఆవిడ ఉద్యోగం. టిక్కు, గరగర, బుస, ఏది వినపడినా ఎర్ర చీటీ అంటించేది. చీటీ పడ్డ రికార్డు మరలో పడి పొడుమైపోయి, మళ్ళీ ముద్దయ్యేది. ఆవిడ చీటీ మీద అప్పీలు లేదు.

ఇంత వింటుందంటే పాటలంటే పడిచస్తుందని అందరూ అనుకునేవారు. నిజం అది కాదు. బియ్యంలో రాళ్ళేరే మనిషికి బియ్యం కనపడవు, రాళ్ళే కనపడతాయి. ఆవిడకీ అంతే. ఏళ్ళ తరబడి రోజంతా పాటలే విని, ఒక్క పాటా వినకుండా బతికింది పిచ్చితల్లి.

ఆ ఫ్యాక్టరీకి అన్నం పెట్టింది గుసగుసలాయన. అది కార్మికులు పెట్టిన పేరు. మిగతా గాయకులు హాలు చివరివాడికి వినపడాలని పాడితే, ఈయన మైకుని ప్రేమించిన మనిషిలా దానికి దగ్గరగా జరిగి, ఒక్కరి చెవిలోనే చెబుతున్నట్టు పాడేవాడు. పాడేవన్నీ అప్పటికే పదిమందీ పాడేసిన పాత పాటలు. వెనకాల ఒక పియానో, గుమ్ముగుమ్మని మోగే పెద్ద బేసు, డ్రమ్ము మీద చీపురులా రాసే బ్రష్షులు. ఆ పాటలే ఈయన పాడితే నిన్న రాత్రి రాసినట్టుండేవి. పైగా తాళం ఒకచోట ఉంటే ఈయన కాస్త వెనకగా, తీరిగ్గా వచ్చి అందుకునేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెవులమ్మ ఆ ఆలస్యం అచ్చు తప్పనుకుని ఒక విడత మొత్తానికి ఎర్ర చీటీలు అంటించేసింది. సూపర్‌వైజరు నవ్వలేక చచ్చాడు.

ఆ రికార్డులు నొక్కే ప్రెస్సు దగ్గర ఒకాయన ఉండేవాడు. పొడుగాటి మనిషి, మాట బహు పొదుపు. ఆ హోరులో మాట్లాడినా ఎవరికీ వినపడదు కనక మాట్లాడ్డమే మర్చిపోయాడని వేళాకోళం చేసేవారు. టీ వేళకి చెవులమ్మ కూర్చునే బెంచీకి రెండో చివర వచ్చి కూర్చునేవాడు. ఆ చివరినుంచి ఈ చివరికి జరగడానికి ఆయనకి ఒక చలికాలం, ఒక వేసవి పట్టాయి. చెవులమ్మ అంతా చూస్తూనే ఉంది. ఇవాళ అడుగుతాడు, కాదు రేపడుగుతాడు అనుకుంటూ, ఊఁ అనే మాటని నాలిక చివరే పెట్టుకుని తిరిగింది.

ఆయన అడగలేదు. ఇంకో ఊళ్ళో కొత్త ప్రెస్సులు పెడుతున్నారంటే ఉన్నట్టుండి వెళ్ళిపోయాడు. చెప్పా పెట్టా లేదు. కనీసం బెంచీ వైపు చూడనైనా చూడలేదు.

కోపం వచ్చినా బాగుండేది, కోపమైతే ఎప్పటికో తీరుతుంది. ఆవిడకి వచ్చింది కోపం కాదు, ఒక ప్రశ్న. నేనేం చేశాను? సంబంధాలు వస్తే "చూద్దాంలే" అంది. చెల్లెలు బతిమాలితే "తొందరేముంది" అంది. ఆ తొందర లేకుండానే జుట్టు నెరిసింది. ఊళ్ళోవాళ్ళ పనిలో వెంట్రుకవాసి తప్పు పట్టిన మనిషికి తన తప్పేదో మాత్రం దొరకలేదు.

ఫ్యాక్టరీ మూతపడింది. రికార్డుల్ని జనం పాత సామాన్లవాళ్ళకి ఇచ్చేశారు, తరవాత వాళ్ళ పిల్లలే ఎగబడి మళ్ళీ కొనడం మొదలుపెట్టారు. చెల్లెలి కూతురు ఆ అదను చూసి రికార్డుల కొట్టు పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం కొట్లో కుర్చీలు వేసి, గుసగుసలాయన్ని పెట్టి అందరికీ వినిపించేది. ఏ రెండు కుర్చీలూ ఒక్కలా ఉండవు, వచ్చేవాళ్ళూ అంతే. చెవులమ్మ మూల కుర్చీలో కూర్చునేది.

"మూడో పాటలో టిక్కుంది," అనేది పాట పూర్తవకుండానే.

"పెద్దమ్మా, వచ్చే వారం నోటికి ప్లాస్టరు వేసుకుని రా," అనేది పిల్ల.

ప్రతి వారం వచ్చే పళ్ళ డాక్టరొకాయన ఓపిగ్గా చెప్పేవాడు. "టిక్కు వదిలెయ్యండమ్మా. ఇక్కడ చూడండి, మాట ముందు ఆగాడు చూశారా? చెప్పనా వద్దా అని ఆలోచిస్తున్నాడు. పాత పాటే, మాట మాత్రం ఇప్పుడే తట్టింది ఆయనకి. నా ఊపిరి కూడా అక్కడ ఆగుతుంది."

చెవులమ్మ కళ్ళు మూసుకుని నిజాయితీగా ప్రయత్నించేది. ఆగిన చోట ఆవిడకి సూది రాపిడి వినపడేది. కళ్ళు తెరిచి చూస్తే చుట్టూ అందరి మొహాలూ మెత్తబడి ఉండేవి. అందరూ తింటున్న బల్ల దగ్గర తన కంచం ఒక్కటే ఖాళీగా ఉన్నట్టు ఏడుపొచ్చేది. అయినా మానకుండా వెళ్ళేది. పెద్దావిడకి కాలక్షేపం అనుకునేది పిల్ల. ఆవిడ వెళ్ళేది వేరే పని మీద. పాట అయిపోయాక రికార్డుని వెలుతురుకి వంచితే, మధ్య కాగితం పక్కన ఏ ప్రెస్సులో నొక్కారో చిన్న గుర్తుంటుంది. ఆయన ప్రెస్సు గుర్తు ఆవిడకి తెలుసు. కనపడితే దాని మీద వేలు ఆనించి, మళ్ళీ కవర్లో పెట్టేసేది. ఈ సంగతి ఎవరికీ తెలియదు, తెలిస్తే సిగ్గుతో చచ్చిపోయేది.

ఒక మామూలు రోజు మధ్యాహ్నం చెవులమ్మ కొట్లో కవర్లు దులుపుతోంది. బయట కారాగింది. నడి వయసు అమ్మాయి ఒక పెద్దాయన్ని చెయ్యి పట్టి లోపలిదాకా దింపి, "మా నాన్నకి ఏదో రికార్డు కావాలట. కాస్త గట్టిగా మాట్లాడండి, వినపడదు. ఇక్కడ కారు ఆపనివ్వరు, నేనొక చుట్టు తిరిగొస్తా. రైలు టైమవుతోంది," అని ఎవరి జవాబూ వినకుండా వెళ్ళిపోయింది.

పెద్దాయన "గుసగుసలాయన ఉన్నాడా?" అని కొట్టంతా అదిరేలా అడిగాడు. ఫ్యాక్టరీ దాటితే ఆ పేరు ఎవరికీ తెలియదు. చెవులమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. పిల్ల ఇచ్చిన రికార్డుని ఆయన రెండు అరచేతుల మధ్య అంచుల్తో పట్టుకుని, వేడిది పట్టుకున్నట్టు ఒంటికి దూరంగా పెట్టి, వెలుతురుకి వంచాడు. ఇక ఆవిడకి అనుమానం లేదు.

"మీరు ప్రెస్సు దగ్గర..." అంది.

"ఆఁ?"

"ప్రెస్సు!" అని అరిచింది.

ఆయన తలెత్తాడు. ఆవిడ మొహంలో పాత మొహాన్ని వెతుక్కోవడానికి కొంతసేపు పట్టింది. "చెవులమ్మగారు," అన్నాడు. అంత పెద్ద గొంతూ అక్కడ తగ్గిపోయింది. "మీ చెవులు బాగున్నాయా?"

"బాగానే ఉన్నాయి."

"నావి ప్రెస్సుకిచ్చేశాను. మా ఆవిడ పోయాక ఒక్కణ్ణే ఉంటున్నాను కదా, అమ్మాయి తనింటికి వచ్చెయ్యమంటోంది. సామానంతా ఎక్కించేశాం. వినపడకపోయినా ఒక్క రికార్డన్నా వెంట ఉండాలనిపించింది. స్పీకరు పెట్టె మీద చెయ్యి పెడితే బేసు అదురు తెలుస్తుంది లెండి."

ఇన్నేళ్ళూ ఆవిడ ఊహించుకున్న కలయికలు వేరు. ఒక పార్కో, ఒక సాయంత్రమో, మెల్లగా నాలుగు మాటలో. ఇక్కడేమో నిలబడి అరవాలి. పళ్ళ డాక్టరు ఆ పూట కూడా తగలడ్డాడు. కవరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తున్నాడు. ఎవడేమనుకుంటే నాకేం అనుకుంది చెవులమ్మ. మళ్ళీ కారు వస్తుంది.

"చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయారు?" అని ఆయన చెవి దగ్గర అరిచింది.

ఆయన ఆశ్చర్యపోయాడు. "చెప్పాను కదండీ. మీరే కాదన్నారు."

"నేనా? ఎప్పుడన్నాను?"

"ఎర్ర చీటీ వేశారు."

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, అలవాటు లేని పని చేస్తున్నవాడిలా ఒక్కో మాటా బయట పెట్టాడు. "టీ దగ్గర చెప్పాను గుర్తుందా? మీ బల్ల మీద పైనున్న రికార్డు కాస్త పూర్తిగా విని, సంగతేమిటో నాకు చెప్పమన్నాను. నాకు మాట్లాడ్డం రాదు. నా మాట ఆ పాటలో ఉంది. ఆయన నాకంటే బాగా చెబుతాడని పెట్టాను. దానికి మధ్య కాగితం కూడా అంటించలేదు, మీ ఒక్కరి కోసమే నొక్కాను."

చెవులమ్మకి గుర్తొచ్చింది. గుర్తు రాకపోయినా బాగుండేది. పూర్తిగా వినమన్నాడంటే ఇంత జాగ్రత్త మనిషికి తన పని మీద ఏదో అనుమానం వచ్చిందనుకుంది. ఆయన పరువు నిలబెట్టాలని ఒకటికి రెండుసార్లు, ఎన్నడూ విననంత కఠినంగా వింది. తప్పు దొరికింది. సంతోషంతో తనే ప్రెస్సు దాకా పరిగెత్తింది. "మీ అనుమానం నిజమే! మధ్య చిల్లు వెంట్రుకవాసి పక్కకి పోయింది, గొంతు ఊగుతోంది. మరలో వేసెయ్యండి," అంది. మెచ్చుకుంటాడని నిలబడింది. ఆయన సరే అన్నాడు. ఎర్ర చీటీతో సహా ఆ రికార్డుని తన చేత్తోనే మరలో వేశాడు.

"నేను పాట వినలేదండీ," అంది. అరవాలన్న సంగతే మర్చిపోయింది. ఆయన చెవి ఇటు తిప్పాడు. మళ్ళీ అరవాల్సొచ్చింది. "పాట వినలేదు! చిల్లు విన్నాను!"

ఆయన నవ్వబోయాడు, అది నవ్వు కాలేదు. "రెండుసార్లు విన్నారా?" అని మాత్రం అడిగాడు.

"రెండుసార్లు."

ఎవరి మీద ఏడవాలి ఇప్పుడు? ఆయన తప్పు లేదు, తన పనిలో తప్పు అసలే లేదు. ఒక బతుకంతా వెతుక్కున్న జవాబు దొరికింది, దొరికాక దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు. చెవులమ్మ పక్క కుర్చీలో కూలబడింది.

పిల్ల ఆయన చేతిలోంచి రికార్డు మెల్లగా తీసుకుంది. "ఏ పాట తాతగారూ?" అని అరిచి, ఆయన చూపించిన చోట సూది దించింది.

ఆయన స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. బేసు నడక అందినట్టుంది, మొహం కాస్త విప్పారింది. "ఎక్కడున్నాడు? ఏమంటున్నాడు?" అన్నాడు.

చెప్పాలంటే వినాలి. టిక్కులకి ఇక తీరిక లేదు. మధ్యలో ఎక్కడో ఒకటి పడే ఉంటుంది, ఆవిడ దాన్ని దాటేసి ఆ గొంతు వెంటపడింది. ఎంత దగ్గరగా ఉన్నాడు ఆ మనిషి! పక్కన కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చెబుతున్నట్టే ఉన్నాడు.

"నేను మాటకారిని కాను అంటున్నాడు!"

"ఊఁ."

"నీ గుమ్మంలో నిలబడ్డాను అంటున్నాడు. కూర్చోమంటే కూర్చుంటాను, కాఫీ కూడా అక్కర్లేదు అంటున్నాడు!"

పళ్ళ డాక్టరు ముక్కు చీదాడు. గుసగుసలాయన ఆగాడు. ఆ ఆగిన చోట చెవులమ్మ ఊపిరి కూడా ఆగింది. తరవాత ఆయన మాట వదిలాడు, ఎంత మెల్లగానో.

"ఏమన్నాడు?"

ఆవిడకి చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పింది. "కూర్చోమనకపోతే... ఎందుకని అడగను అంటున్నాడు. కోటు తీసుకుని వెళ్ళిపోతాను, ఈ వీధిలో మళ్ళీ కనపడను అంటున్నాడు."

"అవును," అన్నాడాయన. "అలాగే ఉంటుంది."

అన్న మాట తప్పలేదు మనిషి. ఒక్కసారి ఆ పాట విని ఉంటే, ఒకే ఒక్కసారి, బెంచీ మీద మిగిలిన ఆ కొంచెం జాగా తనే జరిగి ఉండేది. ఎంత ప్రేమించిందో ఇంత ఆలస్యంగా తెలిసి ఆవిడ ఒళ్ళంతా నొప్పెట్టింది.

పియానో రెండు మెట్లు దిగి ఆగిపోయింది. బేసు ఆగడం చేతికి తెలిసి ఆయన పెట్టె మీంచి చెయ్యి తీశాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు.

"కూర్చోండి!" అంది చెవులమ్మ.

ఆయన సగం లేచి ఆగాడు. "ఆ మాట పాటలో లేదే?"

"పాట అయిపోయింది. నేనంటున్నాను."

ఆయన ఆవిడ వంక చూస్తూ నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నాడు. బయట కారు హారను మోగింది. కాసేపాగి మళ్ళీ మోగింది, ఈసారి గట్టిగా. ఆయనకి వినపడలేదు. చెవులమ్మకి వినపడింది. చెప్పలేదు.